నాగరత్న పెట్టిన మొదటి సంతకం

ఫ్యాక్టరీ గేటు బయట నిలబడి నేత్రావతి ఏడుస్తుంటే నాగరత్నకు కడుపు చల్లబడింది.

నరసాపురంలో మోటారు బళ్లకు వైర్లు కట్టే ఫ్యాక్టరీ అది. ఆఫీసువాళ్లు ఇక వారమంతా రావాల్సిందేనని ఆ సోమవారం నుంచి ఆర్డరు. అంతకుముందు ఆఫీసులో గుమాస్తా అయిన నేత్రావతి వారానికి మూడు రోజులు ఇంటి నుంచే కంప్యూటరు మీద పనిచేసేది. ఎనిమిది నెలల బిడ్డను వదిలి వచ్చేసరికి ఏడు నిమిషాలు ఆలస్యమైంది. మధ్యాహ్నం దాకా లోపలికి రావద్దన్నారు. పాలు చేపుకొచ్చి రవిక తడుస్తుంటే కొంగు కప్పుకొని ఎండలో నిలబడింది ఆ పిల్ల.

‘బాగా కావల్ల!’ అనుకుంది నాగరత్న.

ఎందుకనుకోదు మరి! ఇద్దరిదీ ఒకే వీధి. వైర్లు కట్టే లైనులో షిఫ్టు దిగి కాళ్లీడ్చుకుంటూ వచ్చే నాగరత్నకు, కాఫీ గ్లాసు పక్కన పెట్టుకొని అరుగు మీద పనిచేసుకునే నేత్రావతి కనిపిస్తే ఒళ్లు మండిపోయేది. తను ఒంటికి పోవాలన్నా సూపర్‌వైజరు తలూపాలి. అందుకే నెల కిందట మేనేజరు హేమంత్ కాగితం తెచ్చి, “అందరికీ ఒకే రూలు ఉండాలా, వద్దా?” అని అడిగితే మొదటి సంతకం ఆమే పెట్టింది. ఆమె వెనక లైనంతా పెట్టింది.

హేమంత్ తెలివి చూడండి! ఆ సోమవారం దాటిన రెండు వారాలకు లైనువాళ్లకూ నోటీసు అంటించాడు. ఎవరి షిఫ్టు వాళ్లదే, ఒకరితో ఒకరు మార్చుకోకూడదు. కింద ‘కార్మికుల కోరిక మేరకు’ అని ఉంది.

నాగరత్న ఇంట్లో పట్టుపురుగులు నిన్ననే ఆఖరి పొర విడిచాయి. ఇక వారం రోజులు రేయింబవళ్లు మల్బరీ ఆకు తింటాయి, మేత తప్పితే పంట పోయినట్టే. అత్తకు చూపు ఆనదు. ఇలాంటి వారాల్లో లైనులోని ఆడవాళ్లు ఒకరి షిఫ్టు ఒకరు చేసిపెట్టుకునేవాళ్లు. ఇక అది లేదు.

క్యాంటీన్లో యూనియన్ పెద్ద చౌడప్ప బల్ల గుద్దాడు. “ఆ కాగితంలో మొదటి సంతకం పెట్టిందెవరమ్మా?”

“నేనే పెట్టినానప్పా. దాని సుఖం చూసి ఓర్చుకోలేక పెట్టినాను.” నాగరత్న తల ఎత్తలేదు.

మూల నుంచి నేత్రావతి లేచి వచ్చింది. “నేను మాత్రం ఏం తక్కువక్కా? లైనోళ్లు ఇష్టం వచ్చినట్ల షిఫ్టు మార్చుకుంటారు, నన్నైతే నీళ్లు తాగనుపోయినా ఫోన్‌జేసి యాడుండావంటారని ఏడ్చినాను. ఈ నోటీసు టైపు చేసింది నేనే. సంతోషంగా చేసినాను.”

“ఇంగ చాలు! మీ ఇద్దరి కడుపుమంట మీద వాడు చలి కాచుకుంటుండాడు,” అన్నాడు చౌడప్ప. “రేపు గేటు ముందర కూర్చుందాం. ఇంటి నుంచి పనిచేసేదీ ఉండల్ల, షిఫ్టు మార్చుకొనేదీ ఉండల్ల.”

మర్నాడు లైనూ ఆఫీసూ కలిసి గేటుకు అడ్డంగా కూర్చున్నాయి. హేమంత్ నాగరత్నను పక్కకు పిలిచాడు.

“నీ పురుగుల సంగతి విన్నానమ్మా. నీకొక్కదానికి షిఫ్టు మారుస్తాను. లేచి లోపలికి పో. నిన్ను చూసి మిగతావాళ్లూ వస్తారు.”

పంట దక్కుతుంది. నాగరత్నకు పోదామనే అనిపించింది. వెనక్కి తిరిగితే అందరూ తననే చూస్తున్నారు.

“వద్దు సార్. నాకొక్కదానికి ఇస్తే రేపు వీళ్లు నన్ను ఎట్ల చూస్తారో నాకు తెలుసు. ఏడాదిగా నేను నేత్రాను అట్లే చూసినాను. ఆ చూపుతో మనిషి బాగుపడడు సార్.”

“అయితే సస్పెండ్!” అని అరిచాడు హేమంత్.

“చేస్కో. పని నాకు ఇంట్లోనే ఉండాది,” అంటూ వెళ్లి నేత్రావతి పక్కన కూర్చుంది నాగరత్న.

సాయంత్రం నాగరత్న మల్బరీ తోటలోకి లైను ఆడవాళ్లు కొడవళ్లు పట్టుకొని వచ్చారు. వాళ్ల వెనక బిడ్డను చంకనేసుకొని నేత్రావతి.

“నాకు ఆకు కొయ్యను రాదక్కా, నేర్పించు,” అంది.

తెల్లారి షిఫ్టువాళ్లను ఎక్కించుకుపోవడానికి కంపెనీ బస్సు ఊళ్లోకి వచ్చి చాలాసేపు హారన్ కొట్టింది. తోటలో ఎవరూ తల తిప్పలేదు.