కాలు మోపని మొక్కు

ఆ ఉదయం ఆకాశం కనిపించలేదు. పొగమంచు మామిడితోటల మీదికి దిగి పూతనూ కొమ్మలనూ ఒకటి చేసి, రోడ్డును కూడా మింగింది. ఆ తెలుపులో తూర్పు మూల మాత్రం కాస్త పసుపు తిరిగింది. తిరువూరు దాటుతుంటే నా సైకిలుకు ముందు పోతున్న సైకిలు కనబడటం లేదు, దాని చెయిను చప్పుడే వినబడుతోంది. తొక్కుతున్నది నా భార్య ప్రేమకుమారి. ఆ సైకిలు మా అమ్మాయి షైనికి బళ్ళో ఇచ్చినది.

నిరుడు వానాకాలం పత్తిచేలో నన్ను పాము కరిచింది. ఆసుపత్రిలో నాకు గొంతులో గొట్టం వేసి ఊపిరి పోస్తుంటే, ప్రేమ బయట బెంచీ మీద కూచుని మొక్కుకుంది. ఈ మనిషి లేచి ఇంటికొస్తే సైకిలు మీద మాతగుట్టకు వస్తాను, రాళ్ళ ఎక్కుడు కాలు మోపకుండా ఎక్కుతాను అని.

మైలవరం అవతల కొండల్లో ఉంది మాతగుట్ట. పైన మరియమాత గుహ, దాని ముందు సిలువ. అక్కడికి పోయే బాట నిండా కొబ్బరికాయలంత గుండ్రాళ్ళు పాతి ఉంటాయి. మా కిరస్తానపోళ్ళలో ఈ మొక్కు పాతదే. మొదటి రాయి నుంచి సిలువ దాకా కాలు నేలకు తగలకూడదు, ఇంకొకరి చెయ్యి సైకిలుకు తగలకూడదు. కాలు తగిలితే మళ్ళీ మొదటి రాయి దగ్గరికి పోవాలి. పొద్దు గుంకేలోపు ఎక్కకపోతే మొక్కు తీరనట్టే. కండ పట్టిన కుర్రాళ్ళే చేతులెత్తేస్తారు. ఆడమనిషి మొక్కడం నేనెప్పుడూ వినలేదు.

నేను తొక్కుతానన్నాను.

"మాటిచ్చింది నేను. నువ్వు వెనకాల రా చాలు," అంది.

మా పక్కింటి జానీబాషాది సైకిలు షాపు. పంపు, పానాలు సంచిలో వేసుకుని తన సైకిలు మీద తోడొచ్చాడు. నోరు మూసుకుని ఉండలేడు.

"వదినా, టైర్లలో బస్తా గాలి కొట్టా. నువ్వెక్కి, నీ మీద మీ ఆయన శౌరన్న ఎక్కి, ఆయన మీద యూరియా బస్తా వేసినా లొంగదు."

"నీ నోట్లో కూడా అదే గాలి కొట్టుకున్నావా జానీ?" అంది మంచులోంచి ప్రేమ.

ఎ.కొండూరులో మేమిద్దరం టీ తాగాం. మొక్కు తీరేదాకా ఆమెకు నీళ్ళే. మైలవరం దాటాక మంచు విడిపోయి కొండలు బయటపడ్డాయి. రోడ్డు పైకి తిరిగింది. నాకు రొమ్ము పట్టేసి సైకిలు దిగి నడిపించాను. ఆమె దిగలేదు. సీటు మీంచి లేచి, ఒంటి బరువంతా ఒక్కో పెడలు మీద పెడుతూ పోయింది. కలుపు తీసేటప్పుడూ అంతే, గట్టు చివర వైపు చూడదు, చేతికింది మొక్కనే చూస్తుంది.

మధ్యాహ్నానికి గుట్ట కిందికి చేరాం. ప్రేమ చీర కుచ్చిళ్ళు పైకి దోపి, సిలువ గుర్తు వేసుకుని ఎక్కింది. నాలుగు బారలు పోయిందో లేదో, ముందు చక్రం బంతిలా ఎగిరింది. హ్యాండిలు మెలితిరిగింది. కాలు కింద పడింది.

ఆమె కాలు చూసుకోలేదు. గిరుక్కున వెనక్కి తిరిగి నా వైపు చూసింది.

"ఏవయ్యా, బాగానే ఉన్నావా?"

నా ఊపిరి ఆగిందేమోనని ఆమె భయం. ఉన్నానని తలూపాను. అప్పుడు తెలిసింది నాకు, ఆ రాళ్ళ మీద ఆమె ఏం మోస్తోందో.

సైకిలు దించుకొచ్చి టైరు మీద బొటనవేలితో నొక్కింది. మా వైపు సైకిలంటే బస్తా మోసేదే. గట్టి గాలే మంచి గాలని అందరం అనుకుంటాం. ఆమె వాల్వు మూత తిప్పింది. బుస్సుమంది.

"వదినా, ఆపు! అంత తీస్తే రిమ్ము వంగుద్ది," జానీ నెత్తి పట్టుకున్నాడు.

"వంగితే సరిచెయ్యడానికి నువ్వు లేవూ? రాయి మీద ఇది మెత్తగా కూచోవాలి. నీ గాలికి కప్పలాగా గెంతుతోంది."

రెండోసారి ఎక్కింది. ఈసారి టైరు ఒక్కో రాయినీ ఒత్తుకుని దాటింది. నేను పక్కనే పరిగెత్తాను, చేతులు వెనక్కి కట్టుకుని. కట్టుకోకపోతే అవి ఊరుకునేట్టు లేవు. పక్కనున్న మెట్ల దారిన నడిచిపోతున్న ఆడవాళ్ళు నిలబడిపోయారు. ఎవరో జపం మొదలుపెట్టి మధ్యలో ఆపేశారు.

ఆఖరి మలుపులో సైకిలు ఆగింది. నిజంగానే ఆగింది. చక్రం అటు ఒకసారి, ఇటు ఒకసారి తిరిగింది. ఎడమకాలి చెప్పు జారి కింద పడింది. ఒట్టి పాదం పెడలు మీంచి లేచి గాలిలో ఉంది. మెడ నరాలు తాళ్ళలా తేలాయి. కొండా, ఎండా, నేనూ అన్నీ ఆ పాదం కిందే ఉన్నట్టు అనిపించింది. ఇరవై ఏళ్ళుగా నా పక్కన నాట్లేసిన మనిషి. నాకు తెలియదు ఈ మనిషి.

పాదం మళ్ళీ పెడలు మీదికి వచ్చింది. చెయిను కిర్రుమంది. చక్రం రాయెక్కింది.

సిలువ దిమ్మె పట్టుకుని కూడా ఆమె కాలు దించలేదు.

"అయిపోయిందా?" అంది.

"అయిపోయింది. దిగు."

వేళ్ళు హ్యాండిలును వదల్లేదు. నేనే ఒక్కోటీ విప్పాను.

జానీ భార్య రహమత్‌బీ కట్టిచ్చిన అన్నం, గోంగూర మాంసం గుహ నీడలో విప్పాం. ప్రేమ ముద్ద చెయ్యబోతే వేళ్ళు ముడుచుకోలేదు, మెతుకులు రాలిపోయాయి. నేను కలిపి ముద్దలు చేసి ఆమె విస్తట్లో పెట్టసాగాను. ఒక్కోటే తీసుకుని తింది. జానీ తన విస్తరి దగ్గరికి లాక్కున్నాడు. కింద రాళ్ళ మీద ఎండ మెరుస్తోంది. ముగ్గురం తిన్నాం.