చందన్‌నగర్ గడియారాల కొట్టు

మా ఆయన నడిపే లాంచిలో దొర ఎక్కాడు, దొరసాని ఎక్కింది, వాళ్ల చుట్టాలంతా ఎక్కారు. ఆఖరికి వాళ్ల కుక్క కూడా నాకంటే ముందు చందన్‌నగర్ చూసొచ్చింది! ఆ మాట అన్నప్పుడల్లా మా ఆయన పకపకా నవ్వేవాడు. నాకు మాత్రం ఒళ్లు మండేది.

చందన్‌నగర్ అంటే నాకు ప్రాణం, చూడకుండానే. భీమిలి నుంచి కాపురానికొచ్చి కలకత్తా గార్డెన్ రీచ్‌లో ఒంటిగది ఇంట్లో పడ్డ కొత్తలో, ఇక్కడి భాష రాక, పలకరించే మనిషి లేక, పొద్దుగూకేసరికి ఏడుస్తూ కూర్చునేదాన్ని. ఆయన పని నుంచి రాగానే పక్కన చతికిలబడి ఆ ఊరి కబుర్లు ఎత్తుకునేవాడు. ఒకప్పుడు ఫ్రెంచివాళ్లు ఏలిన ఊరు కదా, అక్కడ ముసలి ఫ్రెంచి దొర ఒకడు గడియారాల కొట్టు పెట్టుకున్నాడట. పన్నెండు కాగానే గోడల మీది గడియారాలన్నీ ఒక్కసారి మోగుతాయట. పక్క తోటలో ఒక చిలక వచ్చినవాళ్ల పేరు అడుగుతుందట. ఇంకొకచోట సందేశ్ అనే మిఠాయి అమ్ముతారట, కొరికితే లోపలినుంచి పన్నీరు చిమ్ముతుందట. వింటూ వింటూ ఏడుపు మరిచిపోయేదాన్ని. ఆ కబుర్లన్నీ తర్వాత పక్కింట్లో దిగిన రోజమ్మకి చెప్పి గొప్పలు కూడా పోయాను, అన్నీ నేనే చూసొచ్చినట్టు.

అరవయ్యారు వేసవిలో దొర తన దేశం వెళ్లిపోతూ లాంచిని అమ్మకానికి పెట్టాడు. దాని పనివాళ్లు ముందే వేరే పనులు చూసుకున్నారు. లాంచి నడిపే సారంగుగా మా ఆయన ఒక్కడే మిగిలాడు. "శనివారం మీ ఆవిడని తిప్పి తీసుకురా, ఆదాము," అన్నాడట దొర.

"నిజవేనా? లేపోతే ఇదీ ఓ కతేనా?" అన్నాను.

"నిజవేనే దయా. పొద్దున్నే పోటుతో ఎల్దాం, ఆటుతో వచ్చేద్దాం. కట్టుకోడానికి మంచి సీర తీసుకో."

పెట్టె అడుగునున్న పట్టుచీర తీశాను. పులిహోర కట్టాను. దొరసాని కూర్చునే బెత్తం కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాను. హౌరా వంతెన కిందనుంచి వెళ్తుంటే తలెత్తి చూసి చూసి మెడ నొప్పెట్టింది. శ్రీరాంపూర్ రాగానే పైట తలమీదికి లాక్కుని చిన్న ప్రార్థన చేసుకున్నాను. మన తెలుగు బైబిలు వెనకటి రోజుల్లో అక్కడ అచ్చయిందని మా పాస్టరుగారు చెప్పారు మరి. ఎదురుగాలికి చక్రం దగ్గర నిలబడ్డ మా ఆయన చొక్కా బుడగలా ఉబ్బింది. అబ్బ, ఎంత దర్జాగా ఉన్నాడో మనిషి! ఇంట్లో ఎప్పుడూ అలా కనిపించలేదు.

చందన్‌నగర్ వచ్చింది. పొడుగాటి గట్టు, దాని మీద చెట్లు, వెనక తెల్లటి మేడలు. ఘాట్ మెట్లకున్న ఇనప కడియానికి ఆయన తాడు కట్టాడు.

"కొట్టెక్కడ? కుడికా, ఎడంకా?" నేను చెప్పులు తొడుక్కుంటూ అడిగాను.

ఆయన కట్టిన ముడినే విప్పి మళ్లీ కడుతున్నాడు. అంతలో మెట్ల మీద టీ అమ్మే ముసలాయన, ఈపాటికి నాకూ అర్థమయ్యే బెంగాలీలో కేకేశాడు: "ఏం సారంగు దాదా, ఇవాళ కూడా దిగవా? ఇన్నేళ్లుగా వస్తున్నావు, ఒక్కనాడూ ఈ మెట్లు ఎక్కిన పాపాన పోలేదు!"

నేను రెండో చెప్పు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

"అయితే గడియారాలు?"

"దొరగారి సుట్టాలు ఏదో అనుకుంతుంటే కొంచెం ఇన్నాను. మిగతాది... నువ్వు ఏడుస్తన్నావు కదే."

"సిలక?"

"సిలక మొత్తం నాదే."

కోపం ముంచుకొచ్చింది. రోజమ్మ మొహం ఎలా చూడను? "ఊళ్లోకి ఎళ్లడానికి కాళ్లు లేవేటి నీకు?" అని అరిచాను. ఆయన తాడు చూపించాడు. పోటు పెరిగేకొద్దీ పడవ లేస్తుంది. తాడు కొంచెం కొంచెంగా వదలకపోతే ముక్కు కిందికి గుంజుకుపోతుంది. అందుకే సారంగు పడవ విడిచి వెళ్లకూడదు. అందరూ ఊరు చూడ్డానికి వెళ్తే, ఈయన తాడు పట్టుకుని ఇక్కడ కూర్చునేవాడు. ఇన్నేళ్లూ అంతే. నా కోపం ఎటు పోయిందో పోయింది.

"ఇలా తే," అని తాడు లాక్కున్నాను. "నువ్వెళ్లి సూసిరా."

"నీకు సేతకాదే."

"ఎళ్తావా, తొయ్యమంతావా?"

వెనక్కి తిరిగి తిరిగి చూసుకుంటూ వెళ్లాడు. నేను కాస్త కాస్త అనుకుంటూ తాడు బారెడు వదిలేశాను. లాంచి నన్నేసుకుని నది మధ్యకి బయల్దేరింది! "ఓలమ్మో! నా పడవ ఎల్లిపోతంది!" అని తెలుగులో కేకలు. స్నానాలు చేసేవాళ్లు నవ్వి నవ్వి, టీ ముసలాయనతో కలిసి తాడు లాగి నన్ను మళ్లీ ఒడ్డుకు చేర్చారు. తర్వాత బుద్ధిగా బెత్తెడు బెత్తెడే వదిలాను. అరచేతులు ఎర్రబడ్డాయి.

ఆయన ఆకు పొట్లంతో వచ్చాడు. మొహం చిన్నబోయి ఉంది. "ఊరంతా తిరిగాను దయా. అలాటి కొట్టు నేదు."

పొట్లంలో సందేశ్. కొరికాను. పన్నీరు చిమ్మి పట్టుచీర మీద పడింది.

"ఇదొక్కటీ నిజవే!" అని ఇద్దరం గట్టిగా నవ్వాం.

నవ్వు ఆపి ఆయన నీళ్లకేసి చూశాడు. నది నిండుగా, కదలకుండా నిలబడి ఉంది. "పోటు ఆగింది. ఆటు మొదలయ్యేదాకా తాడుతో పన్లేదు. ఇలాటప్పుడు కూకుని బీడీ కాల్చీవోణ్ణి," అన్నాడు. నా చెప్పులు తీసి నా ముందు పెట్టాడు. "రా."

టీ ముసలాయన లాంచిని చూస్తానన్నాడు. మెట్లెక్కి చెట్ల కింద నడిచాం. ఒక పాత మేడ కింద తాళం వేసిన నీలం తలుపు కనిపించింది. నేనే ఆగాను.

"ఇదేనా ఆ కొట్టు?"

ఆయన నా మొహంలోకి చూసి, మెల్లగా తలూపాడు. "ఇదే. ఇయ్యాల మూసీసినట్టున్నాడు."

"ముసిలోడు కదా, కునుకు తీస్తన్నాడేమో," అన్నాను.

ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు, పట్టపగలు, నడిరోడ్డు మీద. మంటపుడుతున్న అరచెయ్యి అయినా నేను విడిపించుకోలేదు.