నట్టు మీద పసుపు చుక్క

నోట్లో పడింది. చేపల నీళ్ళు, తుప్పు, ఐసు కరిగిన మురికి, అన్నీ కలిసిన ఒక చుక్క. కారు కింద పడుకున్నవాడు నోరు మూసుకోవాలని నాకు ముప్పయ్యేళ్ళుగా తెలుసు. కానీ తిట్టాలంటే తెరవాలి కదా! బయటికి పాకి, రెండుసార్లు ఉమ్మి, ముక్కుకి తువ్వాలు బిగించి కట్టుకున్నాను. మహాలక్ష్మి అది చూసింది.

ఆమె రోజూ పూడిమడక నుంచి అనకాపల్లి మార్కెట్టుకి చేపలు తెస్తుంది. వెనక సీటు పీకేసిన పాత కారు. భర్త వీరన్న నడుపుతాడు. వెనక ఐసు పెట్టెల మధ్య పీట వేసుకుని కూతురు ఇందు కాలేజీకి వస్తుంది. సరిగ్గా ఆ పీట కిందే పెట్రోలు ట్యాంకు. దాన్ని మోసే రెండు ఇనప పట్టీల్లో ఒకటి నిన్న తెగింది. రెండోదీ తెగేలా ఉంది, మార్చాలంటే దాని బోల్టు రావాలి. అది రాదు. స్పానరు పెడితే తిరుగుతుంది, తిరుగుతూనే ఉంటుంది, వెంట్రుకవాసి కూడా కిందికి దిగదు. పైన వెల్డింగు చేసిన నట్టు ఊడిపోయి, బోల్టుతోపాటు అదీ తిరుగుతోందన్నమాట.

"బండిని దేంతో కడుగుతారమ్మా?"

"సముద్రం నీళ్ళతోటే అన్నా. బోరు నీళ్ళకి నీసు వదల్దు."

"ఎండుసేపలాగ ఉప్పులో ఊరబెట్టేరు కదమ్మా బండిని!"

బోల్టు తలకీ పట్టీకీ మధ్య స్క్రూడ్రైవరు దూర్చి, వీరన్నని కిందికి అదిమి పట్టుకోమన్నాను. అలా పడితే ఒక్కోసారి పైన నట్టు రేకుకి ఆనుకుని ఆగుతుంది. ఆగలేదు. వీరన్న మోచేతి మీదుగా ఇంకో ధార నా చెవిలోకి దిగింది.

"ఈ నట్టు ఏసినోడెవడో గానీ, ఆడి సెయ్యి పడిపోనూ! మెకానిక్కేటి ఆడు? గేదెలు కాసుకోమను."

"నువ్వు సేసినాక యలమంచిలిలో ఓసారి ట్యాంకు దింపేరన్నా," అన్నాడు వీరన్న.

"మరింకేటి! ఆడే."

"ఆడు నాకెదురుపడితే సేపల కత్తితోటే సెప్తాను," అంది మహాలక్ష్మి. "మా ఇందు కూకునేది దాని మీదే. నువ్వు బొట్టెట్టినదైతే ఊడునా?"

బొట్టంటే, నేను బిగించిన ప్రతి నట్టుకీ పెట్టే పసుపు పెయింటు చుక్క. ఊళ్ళో ఇంకెవరూ పెట్టరు. ఆ చుక్క చూసుకుని జనం ధైర్యంగా బండెక్కుతారు. నాకూ అదో గర్వం.

ఇక పైనుంచి రేకు కొయ్యడమే దారి. గ్రైండరు పెడితే నిప్పురవ్వలకి ట్యాంకుతోపాటు మేమూ లేచిపోతాం. పెట్రోలంతా క్యానులోకి దించేసి, పీట వేసే చోట హాక్సా బ్లేడుతో చేత్తోనే కోశాను. బ్లేడు వేడెక్కకుండా మహాలక్ష్మి నీళ్ళు పోస్తూ కూర్చుంది. రేకు లేపితే కింద కుళ్ళిన పొలుసులు, ఒక రొయ్య తల, వేలెడు మందాన నల్లటి బంక. తువ్వాల్లోంచి కూడా కంపు కొట్టింది. ఊపిరి బిగపట్టి ఆ బంకని గీకితే నట్టు తగిలింది. చుట్టూ నిండుగా ఉండాల్సిన వెల్డింగు ఒక్కచోటే ఉంది, బఠాణీ గింజంత, అదీ విరిగి. నట్టు మీద పసుపు చుక్క.

యలమంచిలివాడు దీన్ని ముట్టుకోనే లేదు. రెండేళ్ళ కిందట ఇదే కంపులో ఈ నట్టు వేసింది నేనే. ఒక్కచోట అతికించేసరికి వాంతొచ్చినంత పనైంది. మిగతాది రేపు వేద్దామనుకుని, బొట్టు పెట్టేసి, పైన రేకు మూసేశాను. ఆ రేపు రాలేదు. మర్చిపోయానంటే అబద్ధం, గుర్తు చేసుకోలేదు.

మహాలక్ష్మి వంగి చూసింది.

"అన్నా, ఇది..."

"నాదే. వాసనకి ఓర్సుకోలేక సగంలో మూసేసేను."

ఆమె నా ముక్కు మీది తువ్వాలు వైపు చూసింది. "రెండేళ్ళు కూకుంది నా కూతురు," అంది.

అప్పుడు నా మీద నాకు పుట్టినంత అసహ్యం ఆ మురికి మీద పుట్టలేదు.

తువ్వాలు విప్పి పడేశాను. పైనుంచి నట్టుని పట్టుకారుతో పట్టుకుంటే, వీరన్న కిందనుంచి బోల్టు తిప్పి తీశాడు. ట్యాంకు దింపి దూరంగా పెట్టించి, కొత్త నట్టుకి చుట్టూ వెల్డింగు వేశాను. రెండుసార్లు కక్కాను, మళ్ళీ వచ్చి వేశాను. ట్యాంకు ఎక్కించి, కొత్త పట్టీలు బిగించాక, అలవాటు కొద్దీ పెయింటు డబ్బా అందుకున్నాను.

"బొట్టక్కర్లేదు," అంది మహాలక్ష్మి.

చీర కుచ్చిళ్ళు దోపుకుని, నేను పడుకున్న మురికిలోనే పడుకుని కారు కిందికి పాకింది. పట్టీని రెండు చేతులా పట్టుకుని లాగింది. మళ్ళీ లాగింది. నేను డబ్బా పట్టుకుని, ఆవిడ ఎప్పుడు చాలంటుందా అని పక్కన నిలబడ్డాను.