వాగవతలి నేల నెమలి

నాలుగు వానాకాలాలు తిరిగినా జగన్‌మోహన్‌కు నేల నెమలి కనబడలేదు. ఇస్హాక్‌కు మాత్రం ఏటా కనబడుతూనే ఉంది.

ఇద్దరూ జహీరాబాద్ వాళ్ళే. జగన్‌మోహన్ పప్పు మిల్లులో గుమాస్తా. ఇస్హాక్ పశువుల దవాఖానలో కాంపౌండర్, జగన్‌మోహన్ కన్నా ఆరేడేళ్ళు పెద్ద. పిట్టల పిచ్చి ఇద్దరినీ కలిపింది. ఆదివారం తెల్లవారగానే సైకిళ్ళెక్కి న్యాల్‌కల్ వైపో, కోహీర్ వైపో పోయేవాళ్ళు. జగన్‌మోహన్ మెడలో పట్నంలోని పాతసామాన్ల అంగట్లో కొన్న దుర్బీను, జేబులో నోటుబుక్కు ఉండేవి. కంటితో చూడని పిట్టను ఆ బుక్కులో రాయకూడదని అతని పట్టు.

నేల నెమలి కోడిపెట్టంత పిట్ట. వానలు పడ్డాక మోకాటెత్తు గడ్డి బీళ్ళలోకి వస్తుంది. మగది గడ్డిలోంచి మనిషెత్తు ఎగిరి, రెక్కలు టపటపలాడించి, మళ్ళీ అక్కడే దిగిపోతుంది. ఆ కాసింతసేపు కళ్ళు అటుంటే చూసినట్టు, లేకుంటే లేదు.

"నిన్న మళ్ళ కనిపించింది జగన్ భాయ్. ఎద్దుకు సూది ఇచ్చి వస్తున్న. నల్లగ, తల ఎనుక సన్నటి ఈకలు వంగి, ఏం చెప్పాలె!" అనేవాడు ఇస్హాక్. ఆ నిన్న ఎప్పుడూ బుధవారమో గురువారమో అయ్యేది. ఆదివారం ఇద్దరూ పోతే గడ్డి ఉండేది, పిట్ట ఉండేది కాదు.

మొదటి ఏడు జగన్‌మోహన్ తన నసీబు అనుకున్నాడు. రెండో ఏడు దుర్బీను అద్దాలు తుడిచి తుడిచి గీతలు పెట్టుకున్నాడు. మూడో ఏడు అనుమానం మొలిచింది. 1979 వానాకాలానికి అది గడ్డికన్నా ఏపుగా పెరిగింది.

ఇస్హాక్ చూశానన్నవన్నీ ఒక్కడే ఉన్నప్పుడు చూసినవే. చోటు అడిగితే ఒకసారి చెరకు తోట పక్కన అంటాడు, ఇంకోసారి రాళ్ళగుట్ట కింద అంటాడు. న్యాల్‌కల్ తోవలో వాగు దాటగానే ప్రతిసారీ సైకిల్ కుడికే తిప్పుతాడు. ఎడమన మంచి గడ్డి బీడు కళ్ళకు కనబడుతూనే ఉంటుంది. "అటు ఉత్త బురద" అంటాడు. ఒక ఆదివారం ఆ మలుపులోనే గట్టిగా దగ్గాడు కూడా. పిట్టల కోసం తిరిగేవాడు దగ్గొస్తే నోటికి తువ్వాల అడ్డం పెట్టుకుంటాడు గాని, వాగు దద్దరిల్లేలా దగ్గుతాడా?

"ఇస్హాక్ భాయ్ అబద్ధమాడుతున్నడు," అన్నాడు భార్య భాగీరథితో.

"ఆడితే ఆయనకేమొస్తది?"

"గదే తెల్వాలె."

ఆగస్టులో ఒక గురువారం, ఒంట్లో బాగాలేదని మిల్లుకు కబురంపి ఒక్కడే బయల్దేరాడు. వాగు దాటి ఎడమకు తిరిగాడు. బురద లేదు. గట్టు మీద ఒక గుడిసె, దాని ముందు కొడవలి నూరుతూ ఒక ముసలామె. పేరు నారమ్మ. బీడు ఆమెదే, గడ్డి కోసి అమ్ముకుంటుంది.

"ఎవల్ని దేవులాడుతున్నవ్ సారూ?"

"పిట్టను. నల్లగుంటది, గడ్డిలకెళ్ళి ఎగురుతది."

ఆమె చూపు అతని మెడలోని దుర్బీను మీద ఆగింది. "గసుంటి పిట్ట ఈడ లేదు. కౌజులున్నయ్. పో సారూ, పాములు తిరుగుతయ్."

ఆ జవాబు ముందే నేర్చి పెట్టుకున్నట్టు గబుక్కున వచ్చింది. వెనక్కి తిరగబోతూ అతను గుడిసె తడిక వైపు చూశాడు. తడికలో ఒక నల్లటి ఈక గుచ్చి ఉంది. బెత్తెడు పొడుగు, దారమంత సన్నం, కొసన మాత్రం ఆకులా వెడల్పు. నేల నెమలి తల ఈక! బీడంతా కోత అయిపోయింది గాని నడుమ కొంత గడ్డి కొయ్యకుండా వదిలి ఉంది. ఉచ్చులు పెట్టేవాళ్ళు అట్లాగే వదులుతారని అతను విన్నాడు.

ఈమె పడుతుంది, ఇస్హాక్ అమ్ముతాడు. అందుకే తనను ఇటు రానివ్వలేదు. అంతా తేలిపోయిందనుకున్నాడు.

ఊపిరి సలపకుండా సైకిల్ తొక్కుకుంటూ పశువుల దవాఖానకు వచ్చాడు. ఎద్దులతో వచ్చిన రైతులు వాకిట్లో నిలబడి ఉన్నారు. ఇస్హాక్ ఒక బర్రె గిట్టకు మందు పూస్తున్నాడు.

"నేల నెమళ్ళను పట్టి అమ్ముతున్నవా ఇస్హాక్ భాయ్? తడికకు గుచ్చిన ఈక చూసిన!" అన్నాడు అందరూ వినేలా.

ఇస్హాక్ మందు పూయడం ముగించి, చేతులు కడుక్కుని, అతన్ని దవాఖాన వెనక్కి తీసుకుపోయాడు.

"ఈక దానంతటదే రాలింది. గడ్డి కోస్తుంటే నారమ్మకు దొరికింది. కొయ్యని గడ్డిల మూడు గుడ్లున్నయ్. పిల్లలు కదిలిపొయ్యేదాంక ఆ జాగ ముట్టొద్దని నేనే అడిగిన. దుర్బీను సారు వస్తే లేదని చెప్పుమన్నది గూడ నేనే."

"ఆ జాగ నాకెందుకు చెప్పలె?"

"చిరాగ్‌పల్లి కాడి కృష్ణజింకలు యాదికున్నయా?"

ఉన్నాయి. ఐదేళ్ళ కింద ఇద్దరూ కలిసి చూశారు. తొమ్మిది జింకలు.

"నువ్వు పొయ్యి మీ మిల్లు సేటుకు చెప్పినవ్. నాల్గోనాడు పట్నం నుంచి ఆయన చుట్టాలు తుపాకులతోని జీపుల దిగిన్రు. సగం పానంతో మిగిలిన ఒక్కదాన్ని ఊరోళ్ళు ఈడికే తెచ్చిన్రు. నా చేతులల్లనే పోయింది."

జీపు వచ్చిందని జగన్‌మోహన్‌కు తెలుసు. జింకలు పోయాయనీ తెలుసు. ఆ రెంటి మధ్య తన నోరు ఉందని మాత్రం ఐదేళ్ళలో ఒక్కసారీ తట్టలేదు. ఆనాడు సేటు కుర్చీ వేయించి, చాయ్ తెప్పించి మరీ విన్నాడని ఎంతగానో మురిసిపోయాడు.

"నువ్వు చెడ్డోనివి కాదు భాయ్," అన్నాడు ఇస్హాక్. "నీకు సంతోషం కడుపుల ఆగదు. గంతే."

సెప్టెంబరు నడిమికి గుడ్లు పగిలి పిల్లలు కదిలిపోయాయి. అప్పుడు ఇస్హాక్ తనే ఇంటికి వచ్చి పిలిచాడు. మూడు ఆదివారాలు ఇద్దరూ నారమ్మ గట్టు మీద బోర్లా పడుకున్నారు. మూడో ఆదివారం గడ్డిలోంచి కప్ప బెకబెకలాంటి చప్పుడు వచ్చింది. జగన్‌మోహన్ దుర్బీను ఎత్తాడు. మంచుకు అద్దాలు మసకబారాయి. చొక్కా కొసతో తుడుస్తుండగా ఇస్హాక్ అతని భుజం నొక్కాడు.

"చూసినవా?"

తలెత్తేసరికి గడ్డి ఊగుతోంది. అంతే. అది కప్పేనేమో, ఈయన తనను ఓదార్చడానికి భుజం నొక్కాడేమో అన్న ఆలోచన వచ్చింది. సిగ్గుపడ్డాడు. అయినా ఆలోచన పోలేదు.

ఆ వారంలోనే మిల్లులో మదన్‌మోహన్ సేట్ పిలిచాడు. దవాఖాన వాకిట్లో తను అరిచిన మాట ఎద్దుల రైతుల వెంట బజారుకు చేరి, ఇన్నాళ్ళకు ఆయన చెవిన పడింది.

"నేల నెమలి ఉన్నదట గద జగన్! మావోళ్ళు పట్నం నుంచి వస్తున్నరు. ఏడ దొరుకుతది?"

జగన్‌మోహన్ తేలిగ్గా కొట్టిపారేశాడు. "ఉత్త మాట సేట్! నాలుగేండ్లు తిరిగిన నాకే కానరాలె. ఇస్హాక్ సాబ్ వట్టి కోతలు కోస్తడు."

సేట్ పకపకా నవ్వాడు. బస్తాలు మోస్తున్న హమాలీలూ నవ్వారు.

సాయంత్రం అతను నేరుగా ఇస్హాక్ ఇంటికి పోయాడు. ఇస్హాక్ భార్య కులసుం చాయ్ ఇచ్చి లోపలికి పోయింది.

"సేట్ పిట్ట జాడ అడిగితే, మిల్లుల అందరి ముంగట నిన్ను అబద్ధాలకోరని చెప్పిన," అన్నాడు తల వంచుకుని.

"నమ్మిన్రా?"

"అందరు నమ్మిన్రు."

"మంచిగాయె. చాయ్ తాగు, చల్లగైతది."

తాగాడు. ఆదివారం నిజంగా చూసినవా అని అడగాలని నోటిదాకా వచ్చింది. మింగేసి, "వచ్చే ఏడు మిరుగం కార్తె దాటంగనే పోదమా?" అన్నాడు.

"పోదం," అన్నాడు ఇస్హాక్.