మిగిలిన పన్నెండు నిమిషాలు

“కొత్త సిగ్నల్లు పెట్టినంక జల్దీ వస్తున్నవ్ గదా. రోజూ మాపటికి అమ్మకు జొన్నరొట్టెలు వేడివేడిగ చేసిపెట్టరాదు?” అన్నాడు నరేందర్, బూట్లు విప్పుతూ.

బియ్యం కడుగుతున్న సూర్యకళ సరేనంది. పదిహేనేళ్ళ కాపురంలో ఆమె ఎక్కువసార్లు అన్న మాట అదే.

నాచారం నుంచి హబ్సిగూడ మీదుగా ఉప్పల్ దాకా, రద్దీని బట్టి వాటంతట అవే మారే సిగ్నళ్ళు పెట్టి నాలుగు నెలలైంది. వాటివల్ల జనానికి ఎంత మేలు జరిగిందో లెక్కగట్టే పని సూర్యకళ పనిచేసే నాచారం ఆఫీసుకు వచ్చింది. ఆమె స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ. పెళ్ళయిన కొత్తలో పీహెచ్‌డీ సీటొస్తే, “పొద్దుగూకినంక ఇల్లు చేరే కోడలు మాకెందుకు?” అంది అత్త. ఉప్పల్లో ఇంటికి రావాలంటే దాటాల్సిన హబ్సిగూడ చౌరస్తాలో బస్సులు కదలని రోజులవి. నరేందర్ తల్లి వైపు చూశాడు, భార్య వైపు చూశాడు, టీవీ పెట్టుకున్నాడు. సీటు పోయింది. తప్పు ట్రాఫిక్‌దేనని సూర్యకళ ఇన్నేళ్ళూ తనకు తాను చెప్పుకుంటూ వచ్చింది. ఎవరి మీదా కోపం పెట్టుకోకుండా బతకడానికి ఆ మాట బాగా పనికొచ్చింది.

సర్వే కోసం రెండు వారాలు బస్టాపుల్లో నిలబడింది. నాచారం స్టాపులో ఉప్పలమ్మ అనే ఆమె ఒళ్ళో టిఫిన్ క్యారియర్ పెట్టుకుని కూర్చునుంది. భర్త దవాఖానాలో ఉన్నాడట. రెండు పూటలా అన్నం పట్టుకెళ్తోంది.

“సిగ్నళ్ళ వల్ల నీకు టైం కలిసొచ్చిందా అమ్మా?”

“కలిసొచ్చింది బిడ్డా. అన్నం సల్లారకముందే తింటుండు.”

“ఆయనకు సరే. నీకు?”

ఉప్పలమ్మ క్యారియర్‌ని ఒళ్ళో సర్దుకుంది. “నాకా? గట్ల ఎవ్వలడగలే,” అంది. ఇంతలో బస్సొచ్చింది.

ఫారంలో ప్రయాణ కారణం రాయాలి. ఉద్యోగం, చదువు, వ్యాపారం, ఇతరాలు. సూర్యకళ ‘ఇతరాలు’ దగ్గర టిక్కు పెట్టింది. అన్ని ఫారాలూ కంప్యూటర్‌లోకి ఎక్కించాక చూస్తే, ఆడవాళ్ళలో సగానికి పైగా అక్కడే ఉన్నారు. సగటున ఒక్కొక్కరికి పన్నెండు నిమిషాలు మిగిలాయి.

“మిగిలిన టైముని రూపాయల్లో చూపాలి. ఉద్యోగస్తుల నిమిషానికి రేటు వేయండమ్మా. ఇతరాలకి సున్నా,” అన్నారు మేనేజరు గంగాధరరావు. “ఇంట్లో వాళ్ళ టైముకి రేటేముంటుంది చెప్పండి?”

చెడ్డమనిషి కాదు. సూర్యకళ పాపకి జ్వరమొస్తే అడక్కుండానే సెలవిచ్చేవారు. అందుకే ఆ మాట మరీ లోపలికి దిగింది. ఎవరూ ఆమె దగ్గర ఏదీ లాక్కోలేదు. అందరూ మర్యాదగానే అడిగారు. వదిలెయ్యమని, చేసిపెట్టమని, సున్నా వెయ్యమని. సూర్యకళ బాత్రూంలోకి వెళ్ళి, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది. ఆ పీహెచ్‌డీ సీటు కోసం ఏడవడం అదే మొదటిసారి.

తిరిగొచ్చి అందరి నిమిషాలకీ ఒకే రేటు వేసింది.

“తిప్పి పంపుతారమ్మా,” అన్నారు గంగాధరరావు.

“పంపనివ్వండి సార్. నా చేత్తో సున్నా వెయ్యలేను.”

ఆయన నిట్టూర్చి, తనే కుర్చీ లాక్కుని ఆ సున్నాలు వేశారు. వారం తర్వాత రిపోర్టు అట్ట వేసుకుని వచ్చింది. తయారుచేసినవాళ్ళ పేర్లలో సూర్యకళ లేదు.

ఆ సాయంత్రం స్టాపులో కూర్చుంది. ఉప్పల్ బస్సు వచ్చింది, వెళ్ళింది. ఇంకోటి వచ్చింది. కండక్టరు ఆమె వైపు చూసి, విజిలేసి వెళ్ళిపోయాడు. ఏం చెయ్యాలని కూర్చుందో ఆమెకే తెలియదు. ఏమీ చెయ్యకుండా కూర్చోవడం చేతకాక చేతులు ఒళ్ళో అటూ ఇటూ కదులుతున్నాయి. కాసేపటికి అవే ఆగాయి.

ఫోన్ మోగింది. నరేందర్.

“ఏడున్నవ్? అమ్మ రొట్టెల కోసం సూస్తుంది. ట్రాఫిక్ జామైందా?”

అవునంటే సరిపోయేది. ఇన్నేళ్ళూ సరిపోయింది.

“లేదు. రోడ్డు ఖాళీగనే ఉంది,” అంది సూర్యకళ. “నేనే ఇంకా బయలెల్లలే.”