అనుమతికై నిరీక్షణము

జ్యేష్ఠమాసము కడపటి దినములు. పగలెల్ల నిప్పులు గ్రక్కిన భానుడు పడమటి తాటితోపుల వెనుకకు జారుచుండ నైఋతిదిక్కున నీలగజయూథములవలె బారులు తీరిన తొలకరి మేఘములు తూర్పు సముద్రముపై తమ నీడలను పఱచుచుండెను. చేపలవేట నిషేధకాలమందు ఒడ్డున బోరగిలబడిన పడవలు క్రొత్తరంగులు పూసికొని మరల నిలువబడుచుండెను. తారువాసనయు నెండుచేపల వాసనయు కలసికొని సూరాడపేట వాకిళ్ల తిరుగాడుచుండెను. మఱునాటి యుషఃకాలముతో నిషేధము తీరును. వేసవియెల్ల గడ్డపై మ్రగ్గిన మగవాండ్రు రేపటి నీటిని తలచుకొని నేడే తడిసిపోవుచుండిరి.

ఆ సంబరమున పాలుగొననిది మత్స్యకార సంఘపు రేకులషెడ్డులో కంప్యూటరు ముందు గూర్చున్న నూకరత్న మొక్కతెయే. కాకినాడలో చదువు ముగించి వచ్చిన యామె తన మేనబావయగు పేర్రాజుతో గూడి యొక ప్రోగ్రామును వ్రాసియుండెను. ఉప్పుటేరు సముద్రమున గలియు మొగ కడ గాలిని పోటుపాటులను నీటిలోతును లెక్కగట్టి పడవ యే త్రోవను పోవలయునో ప్రతిదినము వేకువను పడవ నడపు సరంగుల ఫోనులకు తెలుపుట దాని పని. ప్రోగ్రాము వ్రాత పేర్రాజు పేరనున్న కోడు భాండారమున నుండును. దానిని నడపునది జనులు క్లౌడని వ్యవహరించు దూరస్థ యంత్రసముదాయము. భాండారమున మార్చిన యక్షరము క్లౌడునకు చేరవలెనన్న నా రెంటినడుమ లంకె యుండవలయు. లంకెకు భాండారపు యజమాని సమ్మతింపవలయు. పాతలంకెకు గడువు తీరెను. క్రొత్తలంకెకై నూకరత్నము పంపిన విన్నపము 'యజమాని యనుమతికై వేచియున్నది' యను మాటలతో తెరపై నట్లే నిలిచియుండెను.

ఈలోపల మొగ యుత్తరమునకు జరిగెను. పాతత్రోవ యడుగున కంటికి గానరాని యిసుకమేట వేసెను. నూకరత్నము పడవపై బోయి లోతులు గొలిచి క్రొత్తత్రోవను వ్రాసెను గాని యది క్లౌడునకు చేరలేదు. చేరకున్న క్లౌడు పడవలను మేటమీదికే పంపును. సొంతపేటవారికి నోట జెప్పవచ్చును. ఆ మొగనే నమ్ముకొన్న పొరుగుపేటల పడవల కెవరు చెప్పుదురు?

వలలల్లు ఆ పేటవారిలో నొక యాచారము గలదు. ముడి వేసిన చేయి ముడిని లాగి చూడరాదు. మఱియొక చేయి చూడవలెను. నూకరత్నమును పేర్రాజును ప్రోగ్రామునకు నీ యాచారమునే పాటించిరి. ఒకరు వ్రాసినదానిని రెండవవారు చదివి సరియనవలయు. నిరుడు గాలివాననాడు నూకరత్నము తొందరపడి తన మార్పును బావకు జూపకయే పంపెను. కీడేమియు జరుగలేదు. "నా కన్ను అక్కర్లేనప్పుడు నేనెందుకు రత్నం?" అని యొక్కమాట యని యతడు బందరు హార్బరులో పనికి బోయెను. ఆ మాట నాటినుండి చేపముల్లువలె నామె గొంతున నడ్డుపడి మింగుటకు రాదు, కక్కుటకు రాదు.

సంధ్యవేళ కాసులమ్మ షెడ్డులోనికి వచ్చెను. ఆమె సంఘమున కధ్యక్షురాలు. పేర్రాజునకు తల్లి. నూకరత్నమునకు మేనత్త.

"ఏటే రత్నం, ఆ డబ్బా ఏవంటంది?"

"మీ అబ్బాయి ఊ అనాలంటంది అత్తా."

"పుట్టినప్పుడు ఏడవడానికే బతివాలించుకున్నాడే ఆడు. ఊ అనడానికి ముహూర్తం ఎట్టించాల. నువ్వు ఫోను చేసేవా?"

"యంత్రం అడిగింది కదా."

"యంత్రం చేత అడిగిత్తే ఆడూ యంత్రంలాగే ఊరుకుంటాడు. పోనీ, ఆడి ఊసు లేకుండా సంఘం పేరున ఇంకోటి కట్టలేవా?"

నూకరత్నము తెరనుండి చూపు మరల్చకయే "కట్టొచ్చు" అనెను.

"మరి ఇన్నాళ్ళూ?"

వ్రాతయంతయు నూకరత్నము కంప్యూటరులో నకలుగా నున్నది. క్రొత్త భాండారము నేనాడైనను గట్టవచ్చును. కాని ప్రతి యుదయమున తెరపై పేర్రాజు పేరు గనబడుచుండెను. సమ్మతించునేమో యని చూచుట కొక నెపముండెను. ఆ లంకె పోయిన బావకును తనకును నడుమ నిక నడుగవలసిన మాటయే యుండదు.

కాసులమ్మ మేనకోడలి మొగము చూచి యంతయు గ్రహించెను. "బెంగ నీదమ్మా, కాదనను. మునిగేది మాత్రం ఊళ్ళోవోళ్ళు. కట్టు. పడవ మీద నువ్వు లోతులు కొలిచినప్పుడు తాడు పట్టింది నేనే కదా. నువ్వు రాసింది చదువు, ముడి నే లాగి చూత్తాను."

నూకరత్నము సంఘము పేర భాండారము గట్టి యొక్కొక్క లోతును బిగ్గరగా జదువుచుండ మేనత్త కన్నులు మూసికొని తలయూపుచుండెను. నీ భాండారములలో వేనిని జూడనిత్తువని క్లౌడడిగెను. ఇదియొక్కటియే యని యామె యుత్తరువిచ్చెను. పిదప పాతవిన్నపమును తన చేతులతోనే తుడిచివేసెను. పేర్రాజు పేరు తెరనుండి మఱుగైనంత నామె గుండెలో నేదో తలుపు గాలికి దానంతటనది మూసికొనెను.

మఱునాడు తూర్పు తెలుపెక్కుచుండ పడవలన్నియు క్రొత్తత్రోవను మొగ దాటెను. కడపటి పడవ కెరటముల కావల చుక్కయైన తఱి నొడ్డున నిలిచిన నూకరత్నము ఫోను మ్రోగెను.

"రత్నం, నేను. మేట సంగతి ఇప్పుడే అమ్మ చెప్పింది. ఊ అందామని తెరిత్తే నీ పేరే కనపళ్ళేదు."

"ఇంక అక్కర్లేదు బావా. సంఘం పేరున కట్టేశాం."

"మరి పడవలు?"

"అన్నీ దాటేసినియ్. ఇన్నాళ్ళూ ఎందుకు అనలేదు?"

"రోజూ చూత్తానే ఉన్నాను. అడుగుతున్నది నూకరత్నం అని నీ పేరు కనపడతా ఉండేది. ఊ అనేత్తే, మళ్ళీ నన్నెందుకు అడుగుతావు?"

ద్వారముకడ నిలిచి వేచు వారి వేదన లోకము చూచును. గడియపై చేయియుంచి లోపల వేచు వారి వేదన నెవ్వరు చూతురు? ఆ యిరువురిలో నెవ్వరును ఫోను పెట్టివేయలేదు. సూరాడపేట కెరటము విరుగుట నతడును బందరు కెరటము విరుగుట నామెయు వినుచుండిరి. సముద్ర మొక్కటియే. ఒకయొడ్డున మ్రోత యణగినంత రెండవయొడ్డున మ్రోత లేచుచుండెను.