పుల్లన్న కాళ్లు

కోడుమూరు చేనేతల వీధిలో పుల్లన్న నోటి కంటే ఆయన కాళ్లే ఎక్కువ మాట్లాడతాయని అందరూ అంటారు. ఆ మాటలో అబద్ధమేమీ లేదు. ఊహ తెలిసినప్పటి నుంచి గుంత మగ్గంలో కూర్చున్న మనిషి. కాళ్లు కింద గుంతలో, చేతులు పైన నూలు మీద. కుడికాలు ఒక చెక్కను తొక్కితే అడ్డపోగు మోసే నాడె అటు పోవాలి, ఎడమకాలు ఇంకో చెక్కను తొక్కితే నాడె ఇటు రావాలి. పక్కింట్లో దాసన్న మగ్గం చప్పుడు మొదలైతే చాలు, అన్నం తింటున్నా సరే, పుల్లన్న పాదాలు ఆ చప్పుడుకు తగ్గట్టు ఆడుతుంటాయి. పెళ్లిచూపుల్లో కూడా ఇదే వరస అనీ, పిల్లవాడికి వణుకుడు రోగమేమోనని తన తండ్రి భయపడ్డాడనీ భార్య అంజనమ్మ ఇప్పటికీ ఎకసెక్కాలాడుతుంది.

అటువంటి కాళ్లతో ఆయన హెలికాప్టర్ నడపడానికి ఒప్పుకున్నాడు. దేవుడికి ఒక్కోసారి ఇలాంటి తమాషాలు చూడాలనిపిస్తుంది కాబోలు.

నిజం హెలికాప్టర్ కాదు, కంప్యూటర్‌లోది. కూతురు ప్రణీతది. కర్నూల్లో డిగ్రీ చదివే రోజుల్లో షేర్ ఆటో బోల్తాపడి ఆ పిల్ల నడుము విరిగింది. రెండేళ్లయింది. నడుము పైన అంతా బాగుంది, కింద ఏమీ తెలియదు. చక్రాల కుర్చీలో కూర్చోబెడితే కూర్చుంటుంది, దించితే దిగుతుంది.

కాళ్లు పోయిన సంగతి పిల్ల ఎలాగో దిగమింగుకుంది. దిగమింగుకోలేనిది ఇంకొకటి ఉంది. ఆ రోజు నుంచి ఆమెను ఎవరూ తిట్టడం లేదు. వీధిలో ఆడవాళ్లు వస్తారు, నాలుక చప్పరిస్తారు, చంటిపిల్లతో మాట్లాడినట్టు మాట్లాడి పోతారు. ఒకప్పుడు గ్లాసు కిందపడితే వీధి చివరకు వినబడేలా అరిచే అంజనమ్మ, ఇప్పుడు పళ్లెం పగిలినా పోతే పోనీలే బంగారూ అంటుంది. ఒకరోజు ప్రణీత కావాలనే పప్పుగిన్నె తోసేసింది. తల్లి కిక్కురుమనకుండా తుడిచింది. పిల్ల గోడవైపు తిరిగి ఏడ్చింది. ఎందుకేడుస్తోందో ఆ ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు.

ఆ తర్వాత దొరికింది ఈ హెలికాప్టర్ల గుంపు. పేరు దక్కన్ రోటర్స్. వారానికి రెండు సాయంత్రాలు హైదరాబాదు, బెంగళూరు, కడప ఇలా ఎక్కడెక్కడివాళ్లో ఎవరింట్లో వాళ్లు కంప్యూటర్ల ముందు కూర్చుని, మైకుల్లో మాట్లాడుకుంటూ, ఒకే ఆకాశంలో హెలికాప్టర్లు నడుపుతారు. మొహాలు కనబడవు, గొంతులే. ఆ గుంపుకు పెద్ద రంగనాథ్ సార్, కడపాయన, బ్యాంకులో మేనేజరుగా చేసి రిటైరయ్యాడు. మహా కోపిష్టి. మొదటిరోజే ప్రణీతను పట్టుకుని, అది హెలికాప్టరా, ఉట్టిమీది కుండా, అట్లా ఊగుతాందేమని దులిపేశాడు. పక్కగదిలో నేస్తున్న పుల్లన్నకు స్పీకరులోంచి ఆ తిట్లు వినబడ్డాయి. ఆ వెంటనే కూతురి నవ్వు వినబడింది. రెండేళ్ల తర్వాత విన్న నవ్వు. ఆయన చేతిలో నాడె ఆగిపోయింది.

వచ్చి వినడానికి, నేర్చుకోవడానికి ఎవరికైనా అనుమతి ఉంది. సభ్యులై అందరితోబాటు ఎగరాలంటే మాత్రం పరీక్ష పాసవ్వాలి. గీత గీసిన చదరం మీద హెలికాప్టర్‌ను కదలకుండా నిలబెట్టాలి, ఉన్నచోటే ఒక చుట్టు తిప్పాలి, మెల్లగా దించాలి. నేర్చుకునేటప్పుడు సరే గానీ, పరీక్షలో కంప్యూటర్ సాయం తీసుకోకూడదు. కుడిచేతిలో ఒక కర్ర, ఎడమచేతిలో పైకీ కిందికీ లేపే మీట, కాళ్ల కింద రెండు పెడళ్లు. ముక్కు ఎటు తిరగాలో చెప్పేది కాళ్లే. మీట ఎత్తగానే ముక్కు ఒక పక్కకు లాగుతుంది, ఆ క్షణంలోనే కాలు దాన్ని సర్దాలి.

చేతులు రెండూ పనిలో ఉంటే పెడళ్లు ఎవరు తొక్కాలి? డోన్‌లో ఒకాయన వాడి వదిలేసిన సరంజామా గోనెసంచిలో వేసుకుని బస్సులో తెచ్చిన పుల్లన్నే, నేను తొక్కుతాలే అన్నాడు. తొక్కడం తనకు కొత్తా?

ప్రణీత వెంటనే ఒప్పుకోలేదు. ముందు ఒట్టు వేయించుకుంది.

"నా కాళ్ల సంగతి వాళ్లకు తెలీగూడదు నాయనా. యాడా చెప్పొద్దు. ఆడ నేను అందరి మాదిరే ఉండాల."

పుల్లన్న ఆమె తలమీద చెయ్యి పెట్టి ఒట్టేశాడు.

ఇంట్లో రెండో మగ్గం తీసేశాక దాని గుంత ఖాళీగా పడి ఉంది. దానిమీద కప్పిన పలకలు తీసి, లోపల పెడళ్లు బిగించి, అంచున కంప్యూటర్ బల్ల వేశారు. బల్లకు ఒక పక్క ప్రణీత కుర్చీ, కింద గుంతలో పుల్లన్న. అక్కడి నుంచి ఆయనకు తెర కనబడదు, కూతురి మొహమూ కనబడదు. కుర్చీ కాలిపలక మీద కదలకుండా ఉన్న ఆమె రెండు పాదాలు మాత్రం సరిగ్గా ఆయన కళ్లెదుట ఉంటాయి. పరీక్షలో ప్రతి కదలికా పైకి చెప్తూ నడపాలన్నది రంగనాథ్ సార్ పెట్టిన నియమం. అది వీళ్లకు బాగా కలిసొచ్చింది. ఆమె ఎడమ అంటే ఆయన ఎడమ తొక్కుతాడు, కుడి అంటే కుడి. వినేవాళ్లకు ఏ అనుమానమూ రాదు.

సాధన మొదలయ్యాక తెలిసింది అసలు కష్టం. నేతగాడి కాలికి కొంచెం తొక్కడం చేతకాదు. తొక్కితే అడుగంటా తొక్కాలి, వెంటనే రెండోది తొక్కాలి. హెలికాప్టర్‌కేమో ఆవగింజంత ఒత్తిడి చాలు, ఒత్తి ఆగాలి. ఆగడమన్నది ఆ కాళ్లు పుట్టి ఎరగవు. గాల్లో హెలికాప్టర్ పిచ్చిపట్టినట్టు గిరగిరా తిరిగేది. పిల్ల విసుక్కునేది, నాయనా నీ కాళ్లు కట్టేస్తా అనేది. పుల్లన్నకు ఆ విసుగు తేనెలా ఉండేది. నేత పక్కన పెట్టి పగలంతా పాదాల కింద చిల్లపెంకులు పెట్టుకుని, అవి పగలకుండా ఒత్తడం నేర్చుకున్నాడు. మెల్లమెల్లగా కాళ్లు లొంగాయి.

మొదటి పరీక్షనాడు హెలికాప్టర్ చదరం మీద కుదురుగా నిలబడింది. ఇక చుట్టు తిప్పాలి అనగా గోడ అవతల దాసన్న మగ్గం మొదలుపెట్టాడు. టకాటకా, టకాటకా. పుల్లన్న పాదాలు ఆయన్ను అడగలేదు. కుడి, ఎడమ, కుడి, ఎడమ. హెలికాప్టర్ తోక ఆడించే కుక్కపిల్లలా ఊగి, ఊగి, పక్కకు ఒరిగి పడింది. గుంపంతా గొల్లున నవ్వారు. రంగనాథ్ సార్ తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాడు. ప్రణీత కూడా నవ్వింది. ఇంకో అవకాశం ఉందన్నారు. అదీ పోతే ఆర్నెల్ల దాకా పరీక్ష లేదన్నారు.

ఇంటిల్లిపాదిలో నవ్వనిది పుల్లన్న ఒక్కడే. మర్నాడు దాసన్న దగ్గరికి పోయి, శనివారం సాయంత్రం ఒక గంట మగ్గం ఆపమని బతిమాలాడు. ఎందుకని దాసన్న అడిగితే, పాపకు పరీక్షుందప్పా అన్నాడు. అంతవరకే చెప్పాడు. కానీ మంచితనం ఎక్కడా ఆగదు గదా. దాసన్న భార్యతో చెప్పాడు, ఆమె బావి దగ్గర చెప్పింది. శనివారం పొద్దు వాలేసరికి ఆ వీధిలో ఒక్క మగ్గం చప్పుడు లేదు. టీవీలు కూడా కట్టేశారు. ఎవరో తమ పిల్లల నోరు మూసి లోపలికి లాక్కుపోయారు.

పరీక్ష మొదలైంది. ప్రణీత మీట ఎత్తుతూ, "లేపుతాండా సార్, ఎడమ కొంచెం," అంది. పుల్లన్న ఆవగింజంత ఒత్తాడు. హెలికాప్టర్ లేచింది, నిలబడింది. అప్పుడు ఆమెకు ఆ నిశ్శబ్దం తెలిసింది. మైకు తెరిచి ఉంది, అడగడానికి లేదు. బల్ల అంచు మీదుగా వంగి తండ్రి కళ్లలోకి చూసింది. ఆయన తల దించుకున్నాడు. ఆ ఒక్క చూపుతో వీధి మొత్తం తనకోసం ఊపిరి బిగబట్టి కూర్చుందని ఆమెకు అర్థమైపోయింది. చెయ్యి బిగుసుకుంది, మీట ఒక్కసారిగా పైకి లేచింది. ఎడమ అని ఆమె చెప్పేలోపు ముక్కు తిరగనే తిరిగింది. పుల్లన్న కంగారులో అడుగంటా తొక్కాడు. తోక నేలకు కొట్టుకుని హెలికాప్టర్ ముక్కలైంది.

ఈసారి ఎవరూ నవ్వలేదు. రంగనాథ్ సార్ గొంతు గట్టిగా వచ్చింది.

"ఏమ్మా, నేర్చుకోనీకె వచ్చినావా, మా పొద్దు చెడగొట్టనీకె వచ్చినావా? వారమంతా సాధన చేసింటే ఇట్ల అయ్యేది కాదు. ఇది వట్టి సోమరితనం. ఆర్నెల్లకు రా. అందరికీ ఉండే రూలే నీకూ."

"సరే సార్. ఆర్నెల్లకు వస్తా," అంది ప్రణీత. ఆ గొంతులో ఏడుపు లేదు. పట్టుదల ఉంది, ఇంకా చెప్పాలంటే కాస్త సంతోషం కూడా ఉంది. కానీ పుల్లన్నకు అది వినబడలేదు. సోమరితనం అన్న మాట ఒక్కటే వినబడింది. పొద్దస్తమానం కుర్చీలో కూర్చుని వేళ్లు కాయలు కాచేలా కష్టపడిన పిల్లను, తన కాలు చేసిన తప్పుకు అంత మాటంటే ఏ తండ్రి ఓర్చుకుంటాడు? గుంతలోంచి లేచి, బల్ల పట్టుకుని, మైకు దగ్గరికి మూతి పెట్టాడు.

"సార్, నేను పాప నాయనను. తప్పు పాపది కాదు సార్. ఆ పాపకు కాళ్లు పనిచెయ్యవు. ఆటో పడి రెండేండ్లాయ. కింద తొక్కేది నేను. తిట్టేదుంటే నన్ను తిట్టండి."

ప్రణీత ఆయన చొక్కా పట్టి లాగుతూనే ఉంది. లాగి లాగి వదిలేసింది.

స్పీకరులో ఎవరో అయ్యో అన్నారు. ఆ అయ్యోను పుల్లన్న గుర్తుపట్టాడు. రోజూ తన గడపలో నిలబడి వీధి వీధంతా అనేది అదే. నోట్లోంచి పోయిన మాటను ఎట్లా వెనక్కి తీసుకోవాలో తెలియక అట్లాగే నిలబడ్డాడు.

రంగనాథ్ సార్ గొంతు మెత్తగా, తడిగా వచ్చింది. ముందే చెప్పి ఉండాల్సిందన్నాడు, క్షమించమన్నాడు. పరీక్ష గిరీక్ష ఏమీ వద్దనీ, ఈరోజు నుంచే ఆమె తమ గుంపులో మనిషనీ అన్నాడు. ఒక్కొక్కరూ వచ్చి నువ్వు మాకందరికీ ఆదర్శం సిస్టర్ అన్నారు. ప్రణీత అందరికీ పేరుపేరునా థ్యాంక్స్ చెప్పింది.

అంజనమ్మ సంబరపడి వీధిలో చక్కెర పంచింది. పుల్లన్న కూతురితో, చేర్చుకున్న్యారు గదమ్మా, అని మాత్రం అనగలిగాడు.

"చేర్చుకున్న్యారు నాయనా," అంది ఆమె. "నన్ను తిట్టేవాళ్లు ఆ ఒగ చోటే ఉండ్రి. అదీ పాయ."

మంగళవారం అందరూ కలిసి ఎగిరే రోజు. ఆమె రానంటుందేమో అనుకున్నాడు పుల్లన్న, కానీ కుర్చీ బల్ల దగ్గరికి నెట్టమంది. ఆయన గుంతలోకి దిగాడు. ఆ పొద్దు ఆయన కాళ్లు దేవుడి పటంలో కాళ్లలా కుదురుగా ఉన్నాయి. దాసన్న మగ్గం ఆడుతున్నా చలించలేదు. స్పీకరులో రంగనాథ్ సార్ ఎవరో కొత్త కుర్రవాడిని ఉతికి ఆరేస్తున్నాడు. ప్రణీత తలవంచి అవి వింది, ఒక్క మాట కూడా వదలకుండా వింది. తన వంతు వచ్చింది. మీట ఎత్తింది, హెలికాప్టర్ చదరం మీద చక్కగా నిలబడింది. అప్పుడు మైకు మూసి కిందికి వంగింది.

"నాయనా, ఎడమ. అడుగంటా తొక్కు."

పుల్లన్న ఒక్క క్షణం ఆగాడు. ఆమె మళ్లీ తొక్కమంది. తొక్కాడు. ఆమె కర్ర వదిలేసింది. పైన ఏదో గిర్రున తిరిగిన చప్పుడు, విరిగిన చప్పుడు. తండ్రీకూతుళ్లు ఇద్దరూ స్పీకరు వైపు చెవులు రిక్కించారు.

"పర్వాలేదు తల్లీ," అన్నాడు రంగనాథ్ సార్. "శానా బాగా చేసినావు."